బోరు నీళ్లలో నురుగు

హైదరాబాదులో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. ఒకటి మంజీరా అని పిలిచే నల్లా నీళ్లు, రెండోది బోరు. బోరు నీళ్లకు పప్పు ఓ పట్టాన ఉడకదని వంటింట్లో అందరికీ తెలుసు. గడ్డం గీసుకునేవాళ్లకు ఆ నీళ్ల సంగతి మరోలా తెలుస్తుంది. సబ్బూ బ్రష్షూ అవే అయినా, మంజీరా నీళ్లతో నిండుగా లేచిన నురుగు బోరు నీళ్లతో బుగ్గ మీదే చిట్లి ఆరిపోతుంది. అది చూసి షేవింగ్ సబ్బును పక్కన పడేయడం అన్యాయం. దాని తయారీలో ఎంత ఆలోచన ఉందో చూస్తే ఆ మాట ఒప్పుకోక తప్పదు.

షేవింగ్ సబ్బుకు ప్రాణం స్టియరిక్ ఆమ్లం. దాన్ని రెండు క్షారాలతో కలుపుతారు. సోడియం క్షారం బిళ్లను గట్టిగా నిలుపుతుంది, పొటాషియం క్షారం నీళ్లలో తేలిగ్గా కరిగేలా చేస్తుంది. కొబ్బరినూనె నుంచి వచ్చే సబ్బు చప్పున పెద్ద బుడగలు లేపుతుంది, కానీ అవి ఎక్కువసేపు ఉండవు. స్టియరిక్ సబ్బు బుడగలు నిదానంగా లేస్తాయి. సన్నగా, దట్టంగా ఉండి రేజరు పని అయ్యేదాకా నిలుస్తాయి. తడి ఆరిపోకుండా గ్లిసరిన్ చూసుకుంటుంది.

ఇంత పొందికను చెడగొట్టేది నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. ఒక్కో కాల్షియం అయాను రెండేసి సబ్బు అయాన్లను పట్టుకుని నీళ్లలో కరగని పదార్థంగా మారుస్తుంది. బకెట్ అంచున జిడ్డుగా అంటుకునే తెల్లటి తెట్టు అదే. నష్టం సబ్బు తరగడంతో ఆగదు. ఆ తెట్టు తాలూకు మైనంలాంటి సన్నటి రేణువులు బుడగల పొరల్లో చేరి వాటిని తెంపేస్తాయి. 19వ శతాబ్దంలో స్కాట్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ క్లార్క్ నీటి కాఠిన్యాన్ని కొలవడానికి సబ్బునే వాడాడు. సీసాలో నీళ్లు తీసుకుని, సబ్బు ద్రావణం కొద్దికొద్దిగా పోస్తూ, నురుగు నిలిచేదాకా కుదపడమే ఆ పద్ధతి. మొదట పోసిన సబ్బు కాల్షియానికే పోతుంది. నురుగు ఆ తర్వాతే.

ఇక్కడే చిన్న లెక్క వేసుకోవాలి. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మేలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదని భారత ప్రమాణం. మన బోరు నీళ్లు 300 అనుకుందాం. అలాంటి నీళ్లు 10 మిల్లీలీటర్లు తినేసే సబ్బు దాదాపు 18 మిల్లీగ్రాములు. బ్రష్‌కు ఒక గ్రాము సబ్బు ఎక్కించుకుంటే ఆ నష్టం లెక్కలోకే రాదు. అదే బ్రష్‌ను 30 మిల్లీలీటర్ల నీళ్లతో బరువెక్కించి, సబ్బు మీద అలా తాకించి 100 మిల్లీగ్రాములే తీసుకుంటే? సగానికి పైగా తెట్టయిపోతుంది. కిటుకంతా నీళ్ల కంటే ముందు సబ్బు ఎక్కించడంలో ఉంది.

బ్రష్‌ను తడిపి, గట్టిగా విదిలించి, చుక్క కారని స్థితిలో సబ్బు మీద గుండ్రంగా తిప్పాలి. మొదట తేలిక బుడగలు వస్తాయి, వాటిని చూసి ఆగిపోకూడదు. వెంట్రుకల కొసలకు చిక్కటి ముద్ద పట్టేదాకా తిప్పుతూనే ఉండాలి. ఆ ముద్దను గిన్నెలోకో బుగ్గ మీదికో తెచ్చాక నీళ్ల వంతు వస్తుంది. వేలి కొసలతో నాలుగు చుక్కలు వేసి, అవి పూర్తిగా ఇంకాకే మరో నాలుగు. వెంట్రుకల గుత్తి నీళ్లను పట్టి ఉంచి, ఒత్తినప్పుడల్లా కొంచెం వదులుతూ, గాలిని బుడగల్లోకి చిలుకుతుంది. నురుగు మెరుపు లేక పొడిగా ఉంటే ఇంకాస్త నీళ్లు కావాలని అర్థం. పెద్ద బుడగలు కనిపిస్తే నీళ్లు మించాయి, మళ్లీ సబ్బు దగ్గరికి వెళ్లాలి. సరిగ్గా కుదిరినప్పుడు అది గడ్డపెరుగులా నున్నగా మెరుస్తూ, బ్రష్ ఎత్తితే కొస వంగి నిలబడుతుంది.

గోరువెచ్చటి నీళ్లయితే స్టియరిక్ సబ్బు త్వరగా కరుగుతుంది. బాగా మరగబెట్టి తేర్చుకుంటే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం సున్నపు పొరగా అడుగున దిగిపోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది మాత్రం పోదు. చిటికెడు నిమ్మ ఉప్పు కాల్షియాన్ని కొంత పట్టేస్తుంది గానీ, మోతాదు మించితే ఆ పులుపు సబ్బునే విరగ్గొడుతుంది. సబ్బు తయారీదారులు ఇంతకంటే సొగసైన ఉపాయం కనిపెట్టారు. చాలా సబ్బుల లేబుల్ మీద టెట్రాసోడియం ఈడీటీఏ అనే పేరు కనిపిస్తుంది. దాని ఒక్కో అణువు కాల్షియం అయాన్ను ఆరు చోట్ల పట్టి బంధిస్తుంది, సబ్బు జోలికి పోనివ్వదు. కొద్దిగా వేస్తారు కాబట్టి మరీ గట్టి నీళ్లకు అదొక్కటే సరిపోదు. అలాంటి ఊళ్లలో ఆర్ఓ నీళ్లు అరకప్పు పక్కన పెట్టుకోవడం మంచి పద్ధతి, నురుగుకు కావలసింది అంతకంటే తక్కువే.

పని అయ్యాక కూడా బ్రష్‌ను ఆ మంచినీళ్లతోనే ఆఖరిసారి కడగాలి. బోరు నీళ్లతో వదిలేస్తే తెట్టు వెంట్రుకల మొదళ్లలో చేరి మర్నాటి నురుగును మొదట్లోనే తెంపుతుంది. అప్పటికే చేరి ఉంటే నీళ్లు కలిపిన వెనిగర్‌లో కొన్ని నిమిషాలు ఉంచాలి. పులుపుకు కాల్షియం విడిపోతుంది, మిగిలిన జిడ్డు కాస్త సబ్బు నురుగుతో పోతుంది.