కరువు సీమలో ఉప్పునీటి తొట్టి

అనంతపురంలో సముద్రపు ఈల్‌ను సాకడం డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లు అందులోని పనితనాన్ని చూడలేదనే అంటాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కైన నేల ఇది. చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్. కాబట్టి ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు మిశ్రమం కలిపి సముద్రాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవాలి. వంటుప్పు పనికిరాదు. అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలవుతుంది. పొడిగాలికి నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉండిపోతుంది. కొత్తవాళ్లు తరిగిన మేరకు మళ్లీ ఉప్పునీళ్లే పోసి చేప ప్రాణం మీదికి తెస్తారు. పని తెలిసినవాళ్లు గాజు మీద గీత పెట్టుకుని, రోజూ అక్కడిదాకా ఉప్పులేని నీళ్లే పోస్తారు. ఎండకు నీళ్లు కాగకుండా ఫ్యాను పెడితే ఆవిరి ఇంకా పెరుగుతుంది; ఆ లెక్కా వాళ్లే చూసుకోవాలి.

తాగునీటికి కటకటలాడే చోట ఇదేం వేడుక అంటారు. 300 లీటర్ల తొట్టిలో నెలకు ఐదో వంతు మార్చినా, ఆవిరైనదానికి పోసేది కాక, అయ్యేది 60 లీటర్లు. ఆర్వో వదిలేసే నీళ్లు ఇల్లు కడగడానికి పోతాయి. సముద్రంలో పట్టిన జీవిని గాజులో బంధించారన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది, దాన్ని తోసిపుచ్చలేను. అయితే స్నోఫ్లేక్ మోరే వంటి చిన్నజాతి ఈల్‌ను ఎంచుకుని, దూరడానికి రాళ్ల సందులు, పైపుముక్కలు అమర్చి, వేలు పట్టే సందైనా లేకుండా మూత బిగించేవాళ్లు ఆ బాధ్యతను తలకెత్తుకున్నవాళ్లే. ఈల్ నోరు తెరిచి మూస్తుంటే కోపమనుకోరు, ఊపిరి తీస్తోందని తెలుసు. చేపల జబ్బులకు వాడే రాగి మందు దాని పొలుసుల్లేని ఒంటికి ప్రమాదమనీ తెలుసు. వారానికి రెండు మూడుసార్లు పొడవాటి పటకారుతో రొయ్యముక్క అందిస్తారు, తినకుండా వదిలేసింది కుళ్లకముందే తీసేస్తారు.