పట్నం మీద మోపిన నింద

ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో నేను ఆంగ్ల సాహిత్యం బోధించేవాణ్ణి. ఆలన్ పేటన్ 1948లో ప్రచురించిన ‘క్రై, ది బిలవ్డ్ కంట్రీ’ నవలను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. పరీక్షలో ఏటేటా ఇంచుమించు ఒకే ప్రశ్న ఇచ్చేవాణ్ణి: నగరం కుమాలో కుటుంబాన్ని ఏ విధంగా నాశనం చేసింది? పిల్లలు చక్కగా వ్రాసేవారు. నేను తృప్తిగా మార్కులు వేసేవాణ్ణి. పదవీ విరమణ అనంతరం సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొని, మన పూర్వికులు విడిచివచ్చిన ప్రాంతపు రచనలు చదవసాగిన తరువాత, ఆ ప్రశ్నలోనే దోషమున్నదేమోనన్న శంక నాలో బయలుదేరింది.

నవల చదవని చిన్నవారి కోసం కథను సంగ్రహంగా చెబుతాను. మన నాటాల్‌లోనే, ఇక్సోపో కొండల చెంత, న్డొత్షేని అనే పల్లె. అక్కడి చర్చి గురువు స్టీఫెన్ కుమాలో వృద్ధుడు. గనులలో పనికి వెళ్ళి తిరిగిరాని భర్తను వెదుకుతూ ఆయన చెల్లెలు గెర్ట్రూడ్ జొహానెస్‌బర్గ్ వెళ్ళింది. ఆమెను వెదకబోయాడు ఆయన ఏకైక పుత్రుడు అబ్సలోమ్. ఇద్దరి నుండీ కబురు లేదు. చివరకు ఒక ఉత్తరం అందుకొని ముసలాయన రైలెక్కుతాడు. నగరంలో దిగీ దిగగానే, బస్సు టికెట్టు తెచ్చిపెడతానని ఒక యువకుడు ఆయన చేతిలోని పౌను తీసుకొని మాయమవుతాడు. చెల్లెలు సారా అమ్ముకుంటూ హీనమైన బ్రతుకు బ్రతుకుతూంటుంది. కొడుకు ఒక ఇంట్లో దొంగతనానికి చొరబడి, భయంలో తుపాకీ పేల్చి మనిషిని చంపుతాడు. ఆ హతుడు నల్లవారి పక్షాన కలం పట్టినవాడు, కుమాలో పల్లెకు ఎగువనున్న భూముల యజమాని జార్విస్ కుమారుడు. అబ్సలోమ్‌కు ఉరిశిక్ష పడుతుంది.

ఇంతవరకు చూస్తే నా పరీక్షాప్రశ్న సరైనదే. కాని మొదటి పుటలను మరల చదవండి. కొండలపైన గడ్డి దట్టంగా, పచ్చగా ఉన్నది. క్రింద లోయలో నేల ఎర్రగా, నగ్నంగా, కోసుకుపోయి ఉన్నది. పై భూములు జార్విస్ వంటి తెల్లవారివి, లోయ నల్లవారిది. 1913 నాటి భూచట్టం దేశంలోని భూమిలో సుమారు ఏడు శాతం మాత్రమే నల్లవారికి కేటాయించిందని మనకు తెలుసు. అందరూ ఆ లోయలో బ్రతకలేరు కనుకనే మగవారు గనులకు పోయారు. గెర్ట్రూడ్ భర్త కూడా అలాగే పోయాడు. అంటే ఆమె సంసారం నగరంలో చెడలేదు, న్డొత్షేనిలోనే చెడింది. నగరం దానిని కంటికి కనబడేటట్లు చేసింది, అంతే.

పేటన్ ఈ సంగతి ఎరుగనివాడు కాదు. అయినా ఆయన హృదయం పల్లె వైపే మొగ్గుతుంది. నగరంలోని నల్ల రాజకీయవాది జాన్ కుమాలో, అనగా స్టీఫెన్ తమ్ముడు, కంఠమే గాని ధైర్యం లేనివాడుగా చిత్రితుడయ్యాడు. తన కొడుకును కాపాడుకోవడానికి అన్న కొడుకును గాలికి వదిలేస్తాడు. ఈ పాత్రచిత్రణ నాకు ఎన్నడూ న్యాయంగా తోచలేదు. అదే నగరంలో ముసలాయనకు ఆశ్రయమిచ్చిన లితేబే అమ్మ ఉన్నది, వెంట తిరిగి దారి చూపిన మ్సిమాంగు ఉన్నాడు. వారూ నగరవాసులే కదా! మా తరగతులలో ఈ ఇద్దరి గురించి ఎవరూ నాలుగు వాక్యాలకు మించి వ్రాసేవారు కాదు. నేనూ అడగలేదు. ఇక ముగింపులో జార్విస్ పిల్లలకు పాలు పంపుతాడు, వ్యవసాయ బోధకుణ్ణి పంపుతాడు, ఆనకట్టకు పూనుకుంటాడు. దయగల మనిషే. కాని ఎగువభూమి ఎగువవారి చేతిలోనే ఉండిపోయింది. నవల ఆ విషయం దగ్గర మౌనం వహిస్తుంది.

ఇప్పుడు ‘కన్యాశుల్కం’ వద్దకు వస్తాను. అది నాటకమే అయినా, పట్నపు పోకడలు పల్లె సంసారంలో ప్రవేశించే కథకు తెలుగులో అంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. గురజాడ అప్పారావు దానిని 1897లో అచ్చువేయించి, పెంచి, మార్చి, 1909లో మరల ప్రకటించారు. విజయనగరంలో అప్పులవాళ్ళ బారి నుండి తప్పించుకోవలసి వచ్చిన గిరీశం, శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారం చేరుతాడు. శిష్యునికి చదువు కన్న చుట్ట కాల్చడం బాగా వచ్చింది. వితంతువైన శిష్యుని అక్క బుచ్చమ్మను మాయమాటలతో లేవదీసుకొని పోతాడు. పట్నం చెడగొట్టిందనడానికి ఇంకేమి కావాలి?

అయితే ఆ ఇంటిలో గిరీశం అడుగుపెట్టేనాటికే ఏమి జరిగిందో చూడండి. తండ్రి అగ్నిహోత్రావధానులు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకొని ముసలివానికిచ్చాడు, ఆమె వితంతువయింది. ఆ సొమ్ము చాలక రెండవ కూతురు సుబ్బిని కూడ మరొక వృద్ధుడు లుబ్ధావధానులుకు అమ్మడానికి సిద్ధపడ్డాడు. వేదం చదివిన ఇల్లు, నీటికాలువ, అరుగు, అగ్రహారం, అన్నీ ఉన్నాయి. మోసం కూడ అక్కడే ఉన్నది. గిరీశం ఆ ఇంటిని పగలగొట్టలేదు, తెరిచివున్న తలుపులోనుండి లోనికి వచ్చాడు. మరొక చమత్కారం: నాటకమంతటిలో మనం నమ్మదగిన మనిషి పట్నపు వేశ్య మధురవాణి. పల్లె పవిత్రం, పట్నం పాపం అనే లెక్క గురజాడకు బొత్తిగా గిట్టలేదు. ఇంకొక మాట. సాయంకాలపు తరగతిలో నేను నేర్చినది పుస్తకాల తెలుగు. ఈ నాటకంలో సేవకుల నోట వినిపించే మాట మాత్రం మా నాయనమ్మ మాట. ఆ యాసను నేను చిన్నప్పుడు తప్పు తెలుగు అనుకొని సిగ్గుపడేవాణ్ణి.

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఈ విషయంలో ఎదుటి పక్షపు మహాగ్రంథం. సుబ్బన్నపేట క్షీణిస్తూంటే పాఠకుని గుండె బరువెక్కుతుంది. నేను ఆ దుఃఖాన్ని గౌరవిస్తాను, ఆ వాదాన్ని ఒప్పుకోలేను. ఆ వైభవంలో పాలికాపుల బ్రతుకు ఎట్లా ఉండేదో, వారి మునిమనుమణ్ణి గనుక నేను అడుగకుండా ఉండలేను.

దానికి సమాధానం కాళీపట్నం రామారావు 1964లో వ్రాసిన ‘యజ్ఞం’లో దొరికింది. శ్రీకాకుళం ప్రాంతపు సుందరపాలెం. పట్నం ఈ కథలో దాదాపు లేదు. ఊరికి మంచి పేరున్నది, పెద్దమనిషి శ్రీరాములు నాయుడు అందరికీ పూజ్యుడు, పంచాయతీ ధర్మంగానే నడుస్తుంది. ఆ ధర్మం ప్రకారమే అప్పల్రాముడు పాత అప్పు తీర్చవలసి వస్తుంది. తన బిడ్డ పుట్టుబానిస కారాదని అతని కొడుకు సీతారాముడు చేసే పని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుటుంబం ధ్వంసం కావడానికి పట్నం అక్కరలేదు. లెక్కల పుస్తకం, పదిమంది పెద్దలు, చల్లని చెట్టునీడ చాలు.

1860 నుండి 1911 వరకు లక్షా యాభైరెండు వేల మందికి పైగా గిర్మిట్ మీద నాటాల్ చేరారు. వారిలో మా ముత్తాత ఒకడు. ఆయన ఏ అప్పు వదలించుకొని ఓడెక్కాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పల్లె బంగారమనే చెప్పారు. చెరకుతోట బారకాసులలో పుట్టిన మా నాయనమ్మ, డర్బన్ హోటల్ వంటింట్లో పనికి కుదిరి తాగుడుతో చిన్నతనంలోనే పోయిన మా చిన్నాన్నను తలచుకొని, పట్నం మింగేసిందని ఏడ్చేది. మా నాన్నగారు అవసానకాలంలో నాతో చెప్పారు: తమ్ముడికి తాగుడు అలవాటయినది పట్నంలో కాదు, పద్నాలుగో ఏట తోటలోనే, కూలి ముట్టిన శనివారాలలో, తాత పక్కన కూర్చుని. ఆ సంగతి నాయనమ్మకు తెలుసునట. మా అమ్మాయి జొహానెస్‌బర్గ్ ఉద్యోగానికి బయలుదేరిన నాడు నేనూ నాయనమ్మ మాటే అన్నాను. అమ్మాయి నవ్వి, నీ పరీక్షాప్రశ్నలా ఉంది నాన్నా, అన్నది.

ఇంటిల్లిపాదీ కలసి చదవదలచినవారికి చిన్న సూచన. ‘కన్యాశుల్కం’ మొదటి అంకాన్ని పాత్రలు పంచుకొని బిగ్గరగా చదవండి, పదిహేనేళ్ళ పిల్లలకు బాగానే అందుతుంది. గిరీశం కలగాపులగపు ఇంగ్లీషు వారికి మనకన్నా ముందే అర్థమవుతుంది. ‘యజ్ఞం’ చివరి పుటలను మాత్రం పెద్దలు ముందుగా చదివి, ఆ పిమ్మట పిల్లలకు ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోవాలి.