ఇప్పపువ్వు కార్తీకంలో పూయదు

శ్రీముఖలింగంలో మా మేనత్తకి ఒక కథ చదివి వినిపించాను. ఇంకా చిత్తుప్రతే. కార్తీక సోమవారం గుడికొచ్చి, ఇప్పపువ్వు ఏరుతూ దారి తప్పిపోయిన ముసలమ్మ కథ. అంతకుముందే ముగ్గురు మిత్రులు చదివి ‘చాలా బాగుంది’ అన్నారు. ముగ్గురూ పట్నంవాళ్లే.

అత్త చివరిదాకా విని, “కార్తీకంలో ఇప్పపువ్వు ఎక్కడేరింది నాయినా మీ ముసల్ది?” అంది.

ఫాల్గుణ చైత్రాల్లో రాలే పువ్వది. ఇప్పచెట్టుకి మధూకమని పేరు. అక్కడి దేవుడు మధుకేశ్వరుడు. ఆయన ఊళ్లో కూర్చునే ఆ తప్పు చదివానన్నమాట. ఊరుకుంటే పోయేది, అది ప్రతీక అన్నాను. ప్రతీకంటే ఏటంది. చెప్పలేకపోయాను.

“ఇంకోటి. ఈవిడ బెజవాడ బస్సు దిగినట్టు మాటాడతంది. మనూళ్లో అలగ ఎవులు మాటాడతారు?”

ఆ పూట అన్నం సహించలేదు.

గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట ఆ చుట్టుపక్కలదే. ముఖలింగం గుడి శాసనాల్లోని పాత లిపిని ఆయన గురువు లేకుండానే చదవడం నేర్చుకున్నారు. సవర భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తెలుగు వచ్చిన సవర మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. శాసనం ఎంత తప్పు చదివినా రాయి ఏమీ అనదు. మనిషి అంటాడు. తన తప్పు పలుకుని దిద్దేవాణ్ణి పిలిచి, అన్నం పెట్టి మరీ దగ్గరుంచుకున్న పండితుడాయన. మనం పొగిడేవాళ్లకి కాఫీలు ఇప్పిస్తాం.

విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. పేరు వచ్చిన నాటకం, అక్కడితో వదిలేసినా అడిగేవాళ్లు లేరు. ఆయన దాన్ని మళ్లీ విప్పి, పెంచి, దాదాపు కొత్త నాటకంగా 1909లో అచ్చు వేయించారు. మనం గిరీశాన్నీ మధురవాణినీ తలుచుకునేది ఈ రెండో కూర్పులోంచే.

అలాగని అత్త చెప్పిందల్లా వినలేదు. చివర్లో కొడుకు వెతుక్కుంటూ వచ్చి తల్లిని ఇంటికి తీసుకుపోవాలంది. అది అత్త జాలి, నా కథ కాదు. పువ్వు సంగతీ మాట సంగతీ వేరు, అవి ఆవిడకి తెలిసి నాకు తెలియనివి. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, కోపం తగ్గడానికే ఒక వారం.

కథ నాలుగోసారి రాశాను. ముసలమ్మ ఇప్పుడు శివరాత్రికి వస్తోంది. ఇంకా పువ్వు రాలే రోజులు కావు కాబట్టి ఏరడానికేమీ లేదు, ఇప్పచెట్టు కింద ఊరికే కూచుంటుంది. అత్తకింకా చదివి వినిపించలేదు.