పాపట గోరింక ఎదమీది గీతలు

రేగు కొమ్మ మీద ఒక పాపట గోరింక. పక్కన రెండు దసలిపట్టు రెక్కల పురుగులు, ఒక గొంగళిపురుగు, ఒక పట్టుకాయ. షేక్ జైనుద్దీన్ గీసిన ఈ బొమ్మ ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు తనివి తీరదు. వెనకాల కొండా లేదు, మబ్బూ లేదు, అంతా ఉత్త తెల్ల కాగితమే. అలా వదిలేయడానికి గుండె నిబ్బరం కావాలి, తప్పు గీత దాక్కోవడానికి చోటే ఉండదు కదా!

పిట్ట బొమ్మలో అసలు పరీక్ష రెక్క మడత దగ్గరే. పెద్ద ఈకలు ఒకదాని కిందికి ఒకటి ఎలా ఒదుగుతాయో తెలియనివాడి చేతిలో రెక్క అట్టముక్క అయిపోతుంది. ముందు పల్చటి రంగు, అది ఆరాక మరో పూత, ఆపైన వెంట్రుకవాసి గీతలు. నీటిరంగు ఒకసారి కాగితంలోకి ఇంకిందా, ఇక వెనక్కి రాదు. చివరికి కంట్లో ఒక్క తెల్లచుక్క. దాంతో పిట్టకు ప్రాణం వస్తుంది.

ఉడుత వెంట్రుకల కుంచెలు వాడేవారని చెబుతారు. మొగలాయి పనితనం ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కిందంతే. జైనుద్దీన్ పాట్నా వాడు. 1777 నుంచి 1782 దాకా కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపే కోసం గీశాడు. భవానీదాస్, రాందాస్ ఆయనకు తోడయ్యారు.

మన దక్షిణాదికీ ఈ విద్యలో ఘనమైన వాటా ఉంది. 1801లో ఎలిజబెత్ గ్విల్లిమ్ అనే జడ్జిగారి భార్య మద్రాసులో దిగింది. ఆమె తెలుగు నేర్చుకుంది. బతికున్న పిట్టలను తెప్పించుకుని స్వయంగా గీసింది, కొన్నింటినైతే నిలువెత్తు సైజులోనే. 1807లో మద్రాసులోనే కన్నుమూసింది. అమెరికా పిట్టలను గీసిన ఆడుబన్ పేరు మోసిన పుస్తకం మొదలైంది 1827లో! ఆమె అతనికి ముందుదే కాదు, నన్నడిగితే అతనికంటే మిన్న. 1924లో కేసీ వుడ్ అనే ఆయన లండన్‌లో ఆ బొమ్మలు చూసి కొనకపోతే ఏమైపోయేవో. ఇప్పుడవి మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

నాకు కడుపు మండేది మరో విషయంలో. మొక్కలు గీసిన రంగయ్య, గోవిందుల పేర్లను వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ నిలబెట్టాడు, ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. కానీ నెల్లూరులో పనిచేసిన జర్డన్ 1840లలో వేసిన పక్షుల పుస్తకం పేరు చెబితే జర్డన్ ఒక్కడే గుర్తొస్తాడు. దానికి బొమ్మలు గీసిన మనవాళ్లను తలిచేదెవరు?

ఈస్టిండియా కంపెనీ కాలంలో తెల్లవాళ్ల కోసం మనవాళ్లు గీసిన ఇలాంటి బొమ్మలను 'కంపెనీ చిత్రాలు' అంటారు. ఇక ఇప్పుడు హోటల్ గదుల్లో వేలాడే కంప్యూటర్ ప్రింట్లకూ అదే పేరు! వాటిలో గోరింక కాలికి అన్ని వేళ్లూ ముందుకే ఉంటాయి. మూడు ముందుకు, ఒకటి వెనక్కి అని పిల్లాడికి కూడా తెలుసే. ఈ చెత్తను కొనకండి.

మా కోవిల్‌పట్టి, విరుదునగర్ డ్రాయింగు మాస్టార్లకు నా మనవి ఒకటుంది. కొంగలు దిగే కాలంలో పిల్లల్ని కూంతన్‌కుళం పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లండి. ఫోన్లు ఇంట్లోనే పెట్టించి, రంగులపెట్టె, కాగితాలు చేతికివ్వండి. ముందుగా ఒకే ఒక్క రెక్క గీయించండి. ప్రతి బొమ్మ కింద గీసిన పిల్లవాడి పేరు పూర్తిగా రాయించండి.