మైండ్‌ఫుల్‌నెస్ పరిశోధనలు: ఒక కాపరి పరిశీలన

దీర్ఘకాలిక నొప్పిని, మానసిక గాయాన్ని తగ్గించడానికి మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన పద్ధతిని నేడు అనేక ఆసుపత్రులలో ఉపయోగిస్తున్నారు. దీని విషయమై మన సంఘాలలో రెండు వైఖరులు కనబడుతున్నాయి. బౌద్ధులు ‘సతి’ అని పిలిచే సాధనలో దీని మూలం ఉన్నది గనుక విచారించనవసరం లేదని కొందరంటారు. శాస్త్రం రుజువు చేసింది గనుక ప్రశ్నించనవసరం లేదని మరికొందరంటారు. ఈ ఇరువురూ పరిశోధనలను చూడకుండానే తీర్పు చెబుతున్నారని మా అభిప్రాయం.

1. పరిశోధనలు చెప్పేది

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ 1979లో ఈ శిక్షణను ప్రారంభించారు. 1982లో ఆయన ప్రచురించిన వ్యాసం దీర్ఘకాలిక నొప్పి గల 51 మందిని గూర్చినది. అందులో పోల్చి చూడడానికి వేరొక గుంపు లేదు. 2016లో ప్రచురితమైన, 342 మంది నడుము నొప్పి రోగులపై జరిగిన అధ్యయనంలో ఆ లోపం లేదు. 26 వారాల తరువాత ఈ శిక్షణ పొందినవారిలో సుమారు 60 శాతం మందికి పనులు చేసుకొనే శక్తి మెరుగుపడింది. సాధారణ వైద్యం మాత్రమే పొందినవారిలో అది 44 శాతం. అయితే ఆలోచనా సరళిని మార్చే చికిత్స పొందినవారిలో కూడా దాదాపు 58 శాతం మంది మేలు పొందారు.

2015లో ప్రచురితమైన అధ్యయనంలో మానసిక గాయంతో బాధపడుతున్న 116 మంది మాజీ సైనికులను పరిశీలించారు. శిక్షణ ముగిసిన రెండు నెలలకు ఈ పద్ధతిలో 49 శాతం మంది, మరొక గుంపు చికిత్సలో 28 శాతం మంది తమ లక్షణాలు గణనీయంగా తగ్గాయని తెలిపారు. కాని ఆ రోగనిర్ధారణ నుండి బయటపడినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

కాబట్టి మేలు ఉన్నది, అద్భుతం లేదు. ఇతర చికిత్సలన్నిటికంటె ఇది గొప్పదని ఈ అంకెలు చెప్పడం లేదు.

2. మా విమర్శ

మొదటిది, కన్నులు మూసుకొని శరీరాన్ని గమనించమనడం అందరికీ క్షేమం కాదు. అత్యాచారానికి గురైన స్త్రీకి తన శరీరమే భయస్థలం కావచ్చు. ఈ ప్రమాదాన్ని గూర్చి డేవిడ్ ట్రెలీవన్ 2018లో ఒక గ్రంథమే వ్రాశారు. ఇతరుల ఎదుట సాక్ష్యం చెప్పమని గాయపడినవారిని బలవంతపెట్టే మన ప్రార్థన కూటాలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

రెండవది, ఈ పద్ధతి బాధను తీర్పు తీర్చకుండా గమనించమంటుంది. అన్యాయాన్ని సమ్మతించమని దాని అర్థం కాదు. ఆ నింద వేయడం న్యాయం కాదు. అయినను కొన్ని బాధలు పరుల పాపం వలన కలిగినవి. భర్త చేత దెబ్బలు తిన్న సహోదరికి, కుల దౌర్జన్యంలో ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ఊపిరిని గమనించడం కొంత ఉపశమనమే. వారి మొర ఎవరికి చెప్పుకోవాలి? ఈ శిక్షణలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

విలాప కీర్తనలలో ఉన్నది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఆదరణ మాట రాదు. అయినను అది ఆద్యంతం దేవునితోనే మాట్లాడుతుంది. గెత్సేమనేలో ప్రభువు తన వేదనను దూరం నుండి గమనించలేదు. తండ్రికి మొరపెట్టాడు, శిష్యులను తనతో మెలకువగా ఉండమన్నాడు. క్రైస్తవ ధ్యానానికి ఆలకించే దేవుడు, తోడుండే సహవాసం అవసరం.

3. కాపరులు చేయదగినది

వైద్యుడు ఈ శిక్షణను సూచించిన విశ్వాసిని దోషిగా చూడరాదు. శిక్షణ లేని కాపరి దీనిని సంఘంలో నడిపించరాదు. మందులు మానిపించరాదు. గాయపడినవారిని వెంటనే క్షమించమని తొందరపెట్టరాదు. యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా కూర్చున్నంతవరకు మంచి కాపరులే; నోరు తెరచిన తరువాతే తప్పిపోయారు.

విలాప కీర్తనలు మన ఆరాధనలో ఎంత అరుదుగా వినబడుతున్నాయో పాఠకులు ఆలోచించాలి. బాధపడేవారికి మొరపెట్టుకొనే చోటు సంఘంలో లేకపోతే వారు ఉపశమనాన్ని మరెక్కడో వెదుకుతారు. అప్పుడు వారిని తప్పుపట్టే అర్హత మనకుండదు.