దాచిన పాఠం, వచ్చిన పాఠం

ఆన్‌లైను క్లాసు మొదలవగానే రికార్డు మీట నొక్కి, "తరవాత తీరిగ్గా వినవచ్చులే" అనుకున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ "తరవాత" ఎన్నిసార్లు వచ్చింది? 2020లో, కాలేజీలన్నీ మూతపడ్డ రోజుల్లో, నేనూ ఒక కోర్సులో చేరి 32 పాఠాలు రికార్డు చేశాను. తిరిగి విన్నవి మూడే. పరీక్షనాడు గుర్తొచ్చినవి మాత్రం చిత్తుకాగితాల మీద నా చేత్తో గీసుకున్న పటాలు.

అప్పటినుంచి ఇలాంటి సాఫ్ట్‌వేర్లను చూసినప్పుడల్లా "ఇది ఎంత దాచగలదు?" అని కాక, "ఇది నాచేత ఎంత పని చేయిస్తుంది?" అని అడుగుతున్నాను. ఆ గీటురాయి మీదనే కొన్నింటిని పరీక్షిద్దాం.

రికార్డు చేసేవి

ఓ.బి.ఎస్. స్టూడియో కంప్యూటరు తెరనూ ధ్వనినీ కలిపి రికార్డు చేస్తుంది. ఉచితం; దాని ప్రోగ్రామును ఎవరైనా తెరిచి చూడవచ్చు. దీనిలో ఒక చిన్న ఎంపిక చాలా ముఖ్యం. మామూలు ఎం.పి.4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్లో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పట్టిక ఉండదు, ఫైలు తెరుచుకోదు. ఎం.కె.వి. పద్ధతి ఎంచుకుంటే అప్పటిదాకా రికార్డయిన భాగం దక్కుతుంది. మన ఊళ్ళలో ఇది తెలిసి ఉండవలసిన సంగతే!

ఇక స్థలం లెక్క చూద్దాం. సెకనుకు 15 లక్షల బిట్ల చొప్పున గంట వీడియోకు 675 మెగాబైట్లు పడుతుంది. సెకనుకు 64 వేల బిట్ల చొప్పున ధ్వని ఒక్కటే అయితే 29 మెగాబైట్లు చాలు. ఇంట్లో ఒకే ఫోనును ముగ్గురు పంచుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు. ధ్వనిని రికార్డు చేసి, బోర్డు మీది పటాన్ని మీరే గీసుకోండి.

అసలు అన్నింటినీ రికార్డు చేయాలా? ఐ.ఐ.టి.లూ బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి.యూ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఇప్పటికే యూట్యూబులో ఉన్నాయి. ఉన్నదాన్ని మళ్ళీ దాచడం వృథా. మరోసారి దొరకని ప్రత్యక్ష తరగతులకే రికార్డింగు అవసరం. అదీ ఉపాధ్యాయుని అనుమతి తీసుకున్నాకనే.

రాసుకునేవి

వన్‌నోట్‌లో నాకు నచ్చిన సౌకర్యం ఒకటుంది. ధ్వని రికార్డవుతుండగా మీరు టైపు చేసిన ప్రతి వాక్యమూ ఆ క్షణంతో ముడిపడుతుంది. అర్థంకాని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటే, తరవాత నేరుగా అక్కడికే వెళ్ళి వినవచ్చు. గంట పాఠంలో మళ్ళీ వినవలసింది ఐదు నిమిషాలకు తగ్గుతుంది. రికార్డింగుకు సరైన ఉపయోగం ఇదే.

చేత్తో రాయడం మేలా, టైపు చేయడం మేలా? 2014లో అమెరికాకు చెందిన ముల్లర్, ఓపెన్‌హైమర్‌లు చేతిరాతే మేలన్నారు. ల్యాప్‌టాప్ వాడినవారు విన్న మాటల్ని ఉన్నవున్నట్టు దించేశారని గమనించారు. 2021లో మరో బృందం ఆ ప్రయోగాన్ని తిరిగి చేసింది. దించేసే అలవాటు మళ్ళీ కనిపించింది గాని, పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి కలమా, కీబోర్డా అన్న వాదం కన్నా, మీ సొంత మాటల్లో రాస్తున్నారా అన్నది చూసుకోండి.

యంత్రం రాసిన సారాంశం

ఇప్పుడు పాఠాన్ని విని అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్లూ, సారాంశం రాసిపెట్టేవీ వచ్చాయి. వినికిడి లోపం ఉన్న విద్యార్థులకు అక్షరరూపం గొప్ప వరం. కాని మన ఉపాధ్యాయులు తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెబుతారు. అలాంటిచోట యంత్రం తడబడవచ్చు. ఒక్క "కాదు" జారిపోతే సూత్రమే తలకిందులవుతుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని ఏరడమే చదువులో సగం. ఆ సగాన్ని యంత్రానికి అప్పగిస్తే మనకు మిగిలేది కాగితమే.

గుర్తుచేసుకోవడమే అసలు పని

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, తరవాత చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్షిస్తే, రెండుసార్లు చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం గడిచాక లెక్క మారిపోయింది: చదివినవారికి 42, రాసినవారికి 56!

రికార్డింగును మళ్ళీమళ్ళీ వినడం మొదటి పద్ధతి లాంటిదే. అప్పటికి అంతా వచ్చినట్టే ఉంటుంది. అందుకే నా మార్కులు ఆంకీ వంటి ప్రశ్నకార్డుల సాఫ్ట్‌వేరుకు ఎక్కువ. ఒక ప్రశ్న చూపి, జవాబు మీరు గుర్తుచేసుకునేదాకా ఆగి, తప్పినవాటిని త్వరగా మళ్ళీ అడుగుతుంది. అయితే ఇతరులు తయారుచేసిన కార్డుల్ని దించుకోకండి. ప్రశ్న తయారుచేయడం కూడా చదువే.

రేపటి పాఠం కాగానే రికార్డింగు తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకొని గుర్తున్నది రాయండి. ఖాళీ మిగిలిన చోటు కోసం మాత్రమే రికార్డింగు వినండి. ఆ పని పూర్తయ్యాక ఫైలును చెరిపేసినా దిగులు లేదు. పాఠం అప్పటికి మీదగ్గరే ఉంటుంది.