దేవతలపై విచారణ: భంగారాం న్యాయసభను ఎలా చదవాలి?

బస్తర్ ప్రాంతంలోని కేశ్కాల్‌లో, భంగారాం దేవి సన్నిధిలో ఏటా భాద్రపదమాసంలో జరిగే జాతరను పత్రికలు ఒక వింతగానే వర్ణిస్తూ వస్తున్నాయి. పరిసర గ్రామాల దేవతలను అక్కడికి తీసుకువస్తారు. మొక్కులు అందుకొని కూడా వ్యాధిని, పంటనష్టాన్ని నివారించని దేవతపై గ్రామస్థులు అభియోగం మోపుతారు. దేవి న్యాయాధిపతి, గ్రామపెద్దలు వాదులు, కోళ్లు సాక్షులు. దోషం రుజువైన దేవతకు బహిష్కారం విధిస్తారు. నడవడి దిద్దుకొన్న దేవతకు పునఃప్రవేశం కల్పిస్తారు.

దీనిని మూఢవిశ్వాసమని తోసిపుచ్చడం ఎంత తొందరపాటో, బౌద్ధ హేతుదృష్టికి అవశేషమని భావించడమూ అంతే తొందరపాటు. ఈ రెండవ ఆకర్షణకు కారణం లేకపోలేదు. అదే కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్‌లో ఇటుకల చైత్యగృహ శిథిలాలు ఉన్నాయి. కాని అక్కడి బుద్ధ ప్రతిమను స్థానికులు డోక్రా బాబాగా, అంటే ముసలితాతగా, కొలుస్తున్నారు. ప్రతిమ నిలిచింది, దాని వెనుకనున్న ధర్మం నిలువలేదు. స్థల సాతత్యం సిద్ధాంత సాతత్యానికి సాక్ష్యం కాజాలదు.

వారసత్వాన్ని ఆరోపించకుండానే పోల్చి చూడవచ్చు. అంగుత్తరనికాయంలోని తిత్థాయతన సుత్తం మూడు వాదాలను నిరాకరిస్తుంది: సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమనడం, ఈశ్వర నిర్మితమనడం, నిర్హేతుకమనడం. వీటిని సారమని పట్టుకొన్నవారికి చేయదగినది, చేయరానిది అన్న వివేకానికీ, ప్రయత్నానికీ చోటుండదన్నదే అక్కడి ఆక్షేపణ. భంగారాం సభలో ‘అంతా దైవసంకల్పం’ అన్న సమాధానం చెల్లదు. బిడ్డ మరణాన్ని అంతుపట్టని దివ్యప్రణాళికలో భాగంగా అంగీకరించమని ఎవరూ ఆ తల్లికి బోధించరు. దేవత కూడా కర్తయే. కర్త గనుక జవాబుదారి. ఈ మేరకు ఆ సభ ఈశ్వరవాదానికి ఎదురు నిలుస్తుంది.

అయితే సామ్యం అక్కడితో ఆగుతుంది. సంయుత్తనికాయంలోని అసిబంధకపుత్త సుత్తంలో, మడుగులో మునిగిన బండరాయి జనసమూహం ఎంత ప్రార్థించినా పైకి తేలదు. అక్కడ ప్రశ్న ప్రార్థన విన్నవారి సామర్థ్యం గురించి కాదు, ప్రార్థన హేతువు కాగలదా అన్నది. భంగారాం సభ దేవతను శిక్షిస్తుంది గాని ప్రార్థనను విచారించదు. అందువల్ల కలుషితమైన నీటికీ, అందని వైద్యానికీ చెందవలసిన నింద ఒక కొయ్యమూర్తిపై పడి అంతటితో ముగిసిపోయే ప్రమాదం ఉంది. కాని అదే సన్నిధిలో డాక్టర్ ఖాన్ అనే దేవుడూ పూజలందుకొంటున్నాడు. అంటువ్యాధుల కాలంలో నాగపూర్ నుండి వచ్చి సేవచేసిన వైద్యుడని ఐతిహ్యం. హేతువును గుర్తించే చూపు ఆ సమాజానికి లేదనడానికి ఇక వీలులేదు.

పురావస్తు పరిశోధకునికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఆలయం వెలుపల గుట్టగా పడివున్న విగ్రహాలు కనిపించగానే దండయాత్రనో, మతద్వేషాన్నో, క్షీణతనో ఊహిస్తాం. కేశ్కాల్‌లో అటువంటి నిక్షేపం భక్తులే విధించిన శిక్షకు ఫలితం. పైగా అది రద్దు కాగల శిక్ష. ‘పరిత్యక్తం’ అని నమోదు చేసే ముందు ఈ అవకాశాన్ని కూడా పరిశీలించాలి. ఆ స్థలాన్ని ‘శుభ్రపరచి’ మూర్తులను ప్రదర్శనశాలకు తరలిస్తే, ఇంకా ముగియని ఒక విచారణను మనమే మూసివేసినవాళ్లమవుతాం.